ఖాళీ గీత

తాళపత్ర ప్రతులను పరిష్కరించిన పండితులకు అలవాటైన మాట ఒకటుంది: గ్రంథపాతము. ఆకు చిరిగినా, చెదలు తిన్నా, లేఖకుడు పరాకున ఒక పంక్తి దాటవేసినా, నిజాయితీ గల పరిష్కర్త ఆ చోటును తన ఊహతో పూడ్చడు. చుక్కలు పెట్టి, ఇక్కడ కొంత గ్రంథపాతమని రాసి ముందుకు సాగుతాడు. అందరూ అలా చేశారని కాదు. సొంత కవిత్వంతో కంతలు పూడ్చినవారూ ఉన్నారు. వారి వల్లనే సి.పి. బ్రౌన్ ఒక్కో కావ్యానికి పలు ప్రతులు తెప్పించి, కడపలో పండితులను కూర్చోబెట్టి పాఠాలు సరిచూపించవలసి వచ్చింది.

విన్నది రాయడం ఒక విద్య. తెలియనిదాన్ని తెలియనిదిగానే కాగితం మీద నిలపడం మరో విద్య. ఈ రెండో విద్య ఇరవయ్యో శతాబ్దపు అమెరికా ఆసుపత్రుల్లో ఒక వృత్తికి ప్రాణమైంది. దాని పేరు మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్. అక్కడ గ్రంథపాతానికి గుర్తు ఒక ఖాళీ గీత. ఆ గీత ఎలా పుట్టిందో, దాన్ని కాపాడిన చేతులెవరివో, చివరికి అది ఎలా చెరిగిపోతూ వచ్చిందో చెప్పుకుంటే, మధ్యలో అమీర్‌పేట కూడా వస్తుంది.

మొదట ఆసుపత్రులకు రికార్డులే సరిగా ఉండేవి కావు. 1913లో ఏర్పడిన అమెరికన్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్, ఆసుపత్రులకు కనీస ప్రమాణాలు నిర్ణయించాలని పూనుకున్నది. నూరు పడకలకు పైబడిన 692 ఆసుపత్రులను పరిశీలిస్తే, ఆ ప్రమాణాలకు తూగినవి 89 మాత్రమే. పేర్లు బయటపడితే పరువు పోతుందని 1919లో న్యూయార్కులోని ఒక పెద్ద హోటలు కొలిమిలో ఆ జాబితానే తగలబెట్టారు. రికార్డుల ఉద్యమానికి నాంది ఒక రికార్డు దహనం కావడం విచిత్రమే. ఆ ప్రమాణాల్లో ముఖ్యమైన షరతు, ప్రతి రోగికీ ఖచ్చితమైన, సంపూర్ణమైన కేసు రికార్డు ఉండాలన్నది. రాయడానికి వైద్యులకు తీరిక లేదు, రాసినా ఆ దస్తూరి చదవగలిగేది కాదు. 1907లో డిక్టాఫోన్ అన్న పేరు నమోదైంది. వైద్యుడు గొట్టంలోకి మాట్లాడతాడు, ఆ మాటలను ఇంకెవరో టైపు చేస్తారు. 1928లో బోస్టన్‌లో రికార్డు లైబ్రేరియన్ల సంఘం ఏర్పడింది. దాని తొలి అధ్యక్షురాలు, మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో పనిచేసిన గ్రేస్ వైటింగ్ మైయర్స్.

టైపు చేసేవారి గది సాధారణంగా ఆసుపత్రి నేలమాళిగలో ఉండేది. చెవులకు ఇయర్‌ఫోన్లు, కాలికింద పెడలు. నొక్కితే టేపు నడుస్తుంది, వదిలితే ఆగుతుంది, మరోవైపు నొక్కితే వెనక్కి పోతుంది. ఎక్కువమంది స్త్రీలే. వారికి వైద్యుల గొంతులు తెలుసు, ముఖాలు తెలియవు. ఎవరు భోంచేస్తూ మాట్లాడతారో, ఎవరు ఆవులిస్తారో, ఎవరు లిఫ్టు ఎక్కుతూ చెబుతారో గొంతును బట్టే చెప్పగలిగేవారు.

వారి అసలు పని తెలియని మాట ఎదురైనప్పుడు మొదలయ్యేది. బల్ల మీద 1900లో తొలిసారి వెలువడిన డార్లండ్ నిఘంటువో, 1911 నాటి స్టెడ్‌మన్ నిఘంటువో తప్పక ఉండేది. కాని నిఘంటువు చూడాలంటే మాటకు మొదటి అక్షరం తెలియాలి. తెలుగు చదువుకున్నవారికి ఇది కష్టమని ఒక పట్టాన తోచదు. మన లిపిలో విన్నట్టే రాస్తాం, రాసినట్టే వెతుకుతాం. ఇంగ్లీషు వైద్య పదాలకు ఆ న్యాయం చెల్లదు. ‘టోసిస్’ అని వినిపించిన మాట ‘టి’ కింద దొరకదు, ముందు ఒక మూగ ‘పి’ ఉంటుంది. ‘సోయాస్’ కండరం కూడా ‘పి’ కిందే. ‘జిఫాయిడ్’ కావాలంటే ‘ఎక్స్’ దాకా వెళ్లాలి. ‘గీయాఁ బరే’ అన్న ఫ్రెంచి పేరులో పలకని అక్షరాలే సగం. మనుషుల పేర్లతో ఏర్పడిన మాటలదీ మరో చిక్కు. షోగ్రెన్ సిండ్రోమ్ కోసం షోగ్రెన్ దగ్గర కాక, సిండ్రోమ్ అన్న మాట కింద వందల పేర్ల మధ్య వెతకాలి. ఇంటిపేరు తెలియని మనిషిని ఊరి ఓటర్ల జాబితాలో వెతకడం లాంటిదది.

స్పెల్లింగు దొరకగానే పని పూర్తయినట్టు కాదు. దొరికిన మాట అక్కడ అర్థవంతంగా పొసుగుతుందా అన్నది చూడాలి. చిన్నపేగు చివరి భాగం ఇలియం, తుంటి ఎముక కూడా ఇలియం. ఇంగ్లీషులో ఒక్క అక్షరం తేడా, తెలుగులో రాస్తే ఆ తేడా కూడా మిగలదు. ఆపరేషన్ పేగుకా ఎముకకా అన్నది తెలిస్తే ఈ ముడి విడిపోతుంది. అన్నివేళలా సందర్భం ఇంత దయ చూపదు. డిస్‌ఫేజియా అంటే మింగలేకపోవడం, డిస్‌ఫేసియా అంటే మాట కూడకపోవడం. పక్షవాతం వచ్చిన మనిషిలో ఈ రెంటిలో ఏదైనా ఉండవచ్చు, రెండూ ఉండవచ్చు. వైద్యుడు అన్నదేమిటో ఏ నిఘంటువూ చెప్పలేదు. పొరపడితే మింగలేని రోగి ముందుకు భోజనం పళ్లెం వస్తుంది. అవయవాన్ని దేహం నుంచి దూరంగా తీయడానికీ దగ్గరకు తేవడానికీ వాడే జంట పదాల్లో తేడా ఒక్క హల్లే కనుక, జాగ్రత్త గల ఎముకల డాక్టర్లు ‘ఏ-బీ-డక్షన్’ అని అక్షరాలు విడదీసి పలికేవారు. జాగ్రత్త గలవారు మాత్రమే.

మందుల పేర్లతో పేచీ ఇంకా పెద్దది. నిఘంటువు పదేళ్లకొకసారి మారినా సరిపోవచ్చు, మందులు నెలనెలా పుడతాయి. 1947 నుంచి వెలువడిన ఫిజీషియన్స్ డెస్క్ రెఫరెన్స్‌లో గులాబీ రంగు పుటల సూచిక ఈ పనివారి వేళ్ల రాపిడికి ముందుగా నలిగిపోయేది. అయినా పేర్లు పొరపడేవి. 1989లో అమెరికాలో కడుపులో ఆమ్లం తగ్గించే ఒమెప్రజోల్ మందు లోసెక్ అన్న పేరుతో వచ్చింది. మూత్రం ఎక్కువ పోయించే లేసిక్స్ అప్పటికే ఇంటింటి మందు. చేతిరాతలోనూ మాటలోనూ రెండూ ఒకదానికొకటి నీడలు. పొరపాట్లు పెరగడంతో మరుసటి ఏడాదే లోసెక్ పేరును ప్రైలోసెక్‌గా మార్చవలసి వచ్చింది. అనుభవం నేర్పిందని అనుకుంటే, 1990ల చివరికి సెలెబ్రెక్స్, సెరెబిక్స్, సెలెక్సా మూడూ ఒకేసారి బజారులో ఉన్నాయి. ఒకటి కీళ్లనొప్పులకు, ఒకటి మూర్ఛకు, ఒకటి మనోవ్యాకులతకు.

ఈ పనివారు తమ అనుభవాన్ని తామే గ్రంథస్థం చేసుకోవడం ఈ చరిత్రలో అన్నిటికన్నా ఆదరించదగిన ఘట్టం. కొత్త మాట ఎదురైతే అట్టముక్క మీద రాసి పెట్టెలో దాచుకోవడం చాలామందికి అలవాటు. 1978లో కాలిఫోర్నియాలోని మోడెస్టో కేంద్రంగా వారి జాతీయ సంఘం ఏర్పడింది. సొంత శైలీ గ్రంథం వచ్చింది. అదే ఊరి నుంచి వేరా పైల్ పేరుమీద కరెంట్ మెడికల్ టెర్మినాలజీ అన్న పుస్తకం కూర్పు తర్వాత కూర్పుగా వెలువడింది. పెద్ద నిఘంటువులకు ఇంకా ఎక్కని పరికరాలు, పరీక్షలు, శస్త్రచికిత్సల పేర్లను వాక్యాల్లో ఎలా వాడతారో చూపుతూ కూర్చిన పుస్తకమది. వైద్యులు రాసిన నిఘంటువు మాటకు అర్థం చెబుతుంది. విన్నవారు రాసిన నిఘంటువు మాట ఎక్కడ వినిపిస్తుందో చెబుతుంది. వైద్య గ్రంథాలయాల్లో మొదటిదానికి దక్కిన గౌరవం రెండోదానికి దక్కలేదు.

అన్ని పుస్తకాలూ తిరగేసినా మాట దొరకకపోతే? అక్కడే ఖాళీ గీత. ఊహించి రాయకూడదన్నది ఆ వృత్తి మొదటి నియమం. గీత గీసి, ఇలా వినిపించిందని ఒక చీటీ జతచేసి, టేపులో ఎక్కడ ఉన్నదో గుర్తు రాసి వైద్యుడికి పంపాలి. వైద్యుడు నింపాలి, సంతకం చేయాలి. కాగితం మీద చిన్న గీతే కాని, దాని అర్థం పెద్దది: ఇక్కడ ఒక మనిషి విన్నారు, వెతికారు, దొరకలేదని ఒప్పుకున్నారు.

1990లలో ఈ పని సముద్రం దాటి ముందు బెంగళూరుకూ, ఆపైన హైదరాబాదుకూ చేరింది. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన రోజులవి. ఒహాయోలో సాయంత్రం డిక్టేట్ చేసిన ధ్వని, హైదరాబాదులో తెల్లవారేసరికి సిద్ధంగా ఉండేది; అమెరికా నిద్ర లేచేలోగా కాగితం తిరిగి వెళ్లేది. అమీర్‌పేటలో కంప్యూటరు కోర్సుల బోర్డుల మధ్య మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ బోర్డులు వెలిశాయి. బి.ఎస్సీ., బి.ఫార్మసీ చదివినవారు, హోమియో, దంతవైద్య పట్టభద్రులు చేరారు. కొద్ది ఏళ్లలోనే చాలా బోర్డులు దిగిపోయాయి, ఫీజులు కట్టినవారిలో ఎందరికో ఉద్యోగం రాలేదు. కాని నిలదొక్కుకున్నవారు మంచి పనివారయ్యారు. జిల్లా కాలేజీలో తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన అమ్మాయి, ఎన్నడూ చూడని అమెరికా ఆసుపత్రిలో, ఎన్నడూ చూడని గుండె ఆపరేషన్‌ను, కుట్టు దారం నంబరుతో సహా తప్పు లేకుండా రాయడం చిన్న విద్య కాదు.

ఇందులో ఒక వింత మలుపు ఉంది. అమెరికా ఆసుపత్రుల్లో డిక్టేట్ చేసే గొంతుల్లో గుంటూరు, కాకినాడ, ఉస్మానియా మెడికల్ కాలేజీల నుంచి వెళ్లినవి తక్కువేమీ కాదు. ఇంగ్లీషు మాతృభాష కాని వైద్యులని వారికి ఆ వృత్తిలో ప్రత్యేక వర్గమే ఉండేది; వారి టేపులు కష్టమైనవిగా లెక్క. ‘హ్వీజ్’ను ‘వీజ్’ అనీ, ‘ఊండ్’ను ‘వూండ్’ అనీ పలికే డాక్టరు మాట అయోవాలోని టైపిస్టుకు ఖాళీ గీత అయితే, అమీర్‌పేట అమ్మాయికి అది మేనమామ గొంతు. అదే అమ్మాయికి టెక్సాసు డాక్టరు సాగదీత ఖాళీ గీత. ఎవరి చెవి ఎక్కడ పెరిగిందన్నదాన్ని బట్టి మాట స్పష్టంగానో అస్పష్టంగానో ఉంటుంది.

అయితే జీతం పంక్తుల మీద కట్టేవారు. ఒక పంక్తి అంటే 65 అక్షరాలు. మాట వెతకడానికి పట్టిన పావుగంటకు ఒక్క పంక్తి కూడా కలవదు. ఖాళీలు ఎక్కువైతే నాణ్యత తగ్గినట్టు లెక్కించే చోట్లు ఉండేవి. గీత గీయడం నిజాయితీ అని శిక్షణలో చెబుతారు, గీతలు తగ్గించమని జీతం చెబుతుంది. పైగా పని చేతులు మారేది. 2003లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక పెద్ద ఆసుపత్రి కాగితాలు కాంట్రాక్టు కింద కాంట్రాక్టుగా ఫ్లోరిడా, టెక్సాసుల మీదుగా కరాచీ చేరాయి. అక్కడి టైపిస్టు, తనకు రావలసిన సొమ్ము ఇవ్వకపోతే రికార్డులు బయటపెడతానని హెచ్చరించినప్పుడు గాని ఆ గొలుసు సంగతి ఆసుపత్రికి తెలియలేదు. అందరూ గోప్యత గురించే మాట్లాడారు. అడగవలసిన ప్రశ్న మరొకటుంది: అన్ని చేతులు దాటిన పనిలో ఒక ఖాళీ గీత తిరిగి వైద్యుడి బల్ల మీదికి ఏ దారిన వస్తుంది?

ఐదేళ్ల తర్వాత, 2008లో, అలబామాలో జరిగిన సంఘటన ఇంకా బరువైనది. మధుమేహం ఉన్న ఒక స్త్రీని ఆసుపత్రి నుంచి పునరావాస కేంద్రానికి పంపారు. వైద్యుడు చెప్పిన లెవెమిర్ ఇన్సులిన్ 8 యూనిట్లు. భారతదేశంలో టైపయిన కాగితంలో అది 80 అయింది. వైద్యుడు మరొకసారి చూడకుండానే ఆ కాగితం ఆమెతో వెళ్లింది. ఆ మోతాదే ఇచ్చారు. ఆమె చనిపోయింది. 2012 డిసెంబరులో జ్యూరీ 14 కోట్ల డాలర్ల పరిహారం విధించింది. ఎవరు రాశారన్న దేశాభిమానపు చర్చ అప్పట్లో బాగా నడిచింది. గమనించవలసింది వేరు. అది తెలియని మాట కాదు. లెవెమిర్ ఎరిగిన పేరు, 80 ఎరిగిన అంకె. తెలియని మాట దగ్గర చెయ్యి ఆగుతుంది, నిఘంటువు తెరుచుకుంటుంది. తెలిసినట్టు కనిపించే తప్పు దగ్గర చెయ్యి ఆగదు. ఆపగలిగినది, ఇంత ఇన్సులిన్ మనిషికి ఇస్తారా అన్న సందేహం ఒక్కటే, సంతకం పెట్టేముందు చదివే కన్ను ఒక్కటే.

తర్వాతి కథ వేగంగా నడిచింది. 2009 నాటి చట్టంతో ప్రభుత్వం ఆసుపత్రులను ఎలక్ట్రానిక్ రికార్డుల వైపు డబ్బిచ్చి మళ్లించింది. మాటను యంత్రమే అక్షరాలుగా మార్చడం మొదలైంది. టైపిస్టులు యంత్రం రాసినదాన్ని దిద్దే ఎడిటర్లయ్యారు, తక్కువ రేటుకు. ఆపైన చాలామంది అదీ కాలేదు. హైదరాబాదులో ఆ పని చేసినవారిలో ఎందరో మెడికల్ కోడింగ్‌కు మళ్లారు.

యంత్రం తప్పులు చేస్తుందన్నది వార్త కాదు, మనుషులూ చేశారు. తప్పు చేసే తీరు మారింది. విస్పర్ అనే ధ్వని లిప్యంతరీకరణ సాధనాన్ని పరీక్షించిన పరిశోధకులు 2024లో వెల్లడించిన ప్రకారం, సుమారు నూటికి ఒక ధ్వని ముక్కలో, ఎవరూ అనని మాటలు, కొన్నిచోట్ల పూర్తి వాక్యాలే, వచ్చి చేరాయి. మాట్లాడేవారు ఆగిన చోట, నిశ్శబ్దం ఉన్న చోట యంత్రం ఊరుకోలేదు, పూరించింది. వాటిలో ‘హైపర్‌యాక్టివేటెడ్ యాంటీబయాటిక్స్’ అనే మందు ఒకటి. వినడానికి ఎంతో వైద్యంగా ఉన్న ఆ మందు లోకంలో లేదు. మోడెస్టో పెట్టెలోని అట్టముక్కల్లో వెతికినా, గులాబీ పుటల్లో వెతికినా దొరికేది కాదు. దొరకలేదు కనుక అక్కడ ఒక గీత ఉండేది.

ఆ ఏడాది అక్టోబరులో వచ్చిన వార్తాకథనంలోనే మరో వివరం ఉంది. ఈ సాధనం ఆధారంగా తయారై, ఆసుపత్రుల్లో వాడుకలో ఉన్న ఒక పరికరం, సమాచార భద్రత కోసమంటూ అసలు సంభాషణ ధ్వనిని చెరిపేస్తుంది. పెడలు మీద కాలు పెట్టినా, వెనక్కి తిప్పి వినడానికి టేపు లేదు.