డేటన్ వ్యాజ్యెము - పిదప పాఠశాలలు

పాఠము చెప్పిన నేరమునకు ఉపాధ్యాయుడు న్యాయస్థానమున ముద్దాయియై నిలుచుట తఱచుగా వినబడు వార్త కాదు. అట్టి వ్యాజ్యెమొకటి 1925వ సంవత్సరమున అమెరికాదేశములోని టెన్నెస్సీ రాష్ట్రమున, డేటన్ అను చిన్న పట్టణమున జరిగెను. దానిని చికాగో నగరపు రేడియో కేంద్రము ప్రసారము చేసినది గనుక, రేడియోలోనే దానిని ముచ్చటించుట సముచితమని తలంచితిని.

జీవజాతులు పూర్వజాతులనుండి క్రమక్రమముగ మార్పుచెంది యేర్పడినవని డార్విన్ 1859లో గ్రంథరూపమున ప్రకటించెను. ఆ వాదము పండితుల గ్రంథాలయములందున్నంతకాలము గ్రామములు కలతచెందలేదు. ఉన్నత పాఠశాలలు పెరిగి, రైతుబిడ్డలు జీవశాస్త్రము చదువనారంభించినపుడు అది యింటింటి సమస్య యయ్యెను. టెన్నెస్సీ శాసనసభలో సభ్యుడును, వృత్తిచే రైతును అగు జాన్ బట్లర్ 1925లో ఒక బిల్లును ప్రవేశపెట్టెను. బైబిలు చెప్పిన సృష్టిక్రమమును కాదని, మానవుడు హీనజంతువులనుండి పుట్టెనని ప్రభుత్వ పాఠశాలలలో బోధింపరాదని దాని సారాంశము. మార్చినెలలో అది శాసనమయ్యెను.

ఇందొక విచిత్రము గలదు. రాష్ట్రము తానే నిర్ణయించిన పాఠ్యపుస్తకము, హంటర్ 1914లో వ్రాసిన ‘సివిక్ బయాలజీ’, పరిణామవాదమును బోధించుచుండెను. పుస్తకము చెప్పుమన్నదానిని శాసనము చెప్పవద్దనెను. నడుమ చిక్కుకొన్నవాడు ఉపాధ్యాయుడు.

ఈ శాసనమును పరీక్షింపగోరు ఉపాధ్యాయునికి తోడ్పడుదుమని అమెరికా పౌరస్వేచ్ఛా సంఘము ప్రకటించెను. తమ యూరికి పేరు వచ్చునని డేటన్ పెద్దలు కొందఱు 24 ఏండ్ల జాన్ స్కోప్స్‌ను ఒప్పించిరి. ఆయన జీవశాస్త్రమును మఱియొకరికి బదులుగా కొన్నిదినములు మాత్రమే చెప్పినవాడు. పరిణామపాఠము చెప్పితినో లేదో ఆయనకే స్పష్టముగా జ్ఞప్తి లేదు. విచారణ జూలై 10 మొదలు 21వఱకు నడచెను. ఒకవైపు మూడుమార్లు అధ్యక్షపదవికి పోటీచేసిన విలియం జెన్నింగ్స్ బ్రయన్, మఱియొకవైపు ప్రఖ్యాత న్యాయవాది క్లారెన్స్ డారో. శాస్త్రజ్ఞుల సాక్ష్యమును జ్యూరీ వినుటకు న్యాయాధిపతి సమ్మతింపలేదు. స్కోప్స్‌కు 100 డాలర్ల జుల్మానా పడెను. 50 డాలర్లకు మించిన జుల్మానాను జ్యూరీయే నిర్ణయింపవలెనను కారణమున 1927లో పై న్యాయస్థానము ఆ తీర్పును రద్దుచేసెను. శాసనము మాత్రము 1967వఱకు నిలిచియుండెను.

బ్రయన్‌ను కేవలము మూర్ఖుడని పరిహసించుట న్యాయము కాదు. బలవంతుడు దుర్బలుని అణచుట ప్రకృతిధర్మమను భావము ఈ వాదమువలన ప్రబలునని ఆయన భయపడెను. హంటర్ పుస్తకమున జాతులకు హెచ్చుతగ్గులు కల్పించు మాటలు నిజముగానే యుండెను. అయితే ఆ దోషము మనుష్యులు చేర్చినది. జీవుల చరిత్రకు గల ప్రమాణములలోనిది కాదు. ఈ రెంటిని వేఱుచేసి చూపుటయే బోధకుని పని. శాసనము ఆ యవకాశమునే హరించెను.

ఇంక అసలు నష్టము చూడుడు. పత్రికలు డారో గెలిచెనని వ్రాసినవి, ఓడినది పాఠ్యపుస్తకము. మూన్ వ్రాసిన జీవశాస్త్రవాచకము 1921 ముద్రణమున ముఖపత్రముగా డార్విన్ చిత్రముండెను. 1926 ముద్రణమున దానిస్థానమున జీర్ణకోశపు పటము వచ్చెను. ఏ న్యాయాధిపతియు ఆజ్ఞాపింపకయే ఇది జరిగెను. 1957లో రష్యా స్పుత్నిక్‌ను ప్రయోగించిన పిమ్మట అమెరికా తన శాస్త్రవిద్యను సవరించుకొనగా, 1963లో వెలువడిన నూతనవాచకములతో పరిణామవాదము మరల తరగతిలో ప్రవేశించెను. ఆర్కన్సాలో సూసన్ ఎపర్సన్ అను ఉపాధ్యాయిని ధైర్యముతో వ్యాజ్యెము వేయగా, 1968లో సర్వోన్నత న్యాయస్థానము అట్టి నిషేధము చెల్లదని తీర్పుచెప్పెను.

నిషేధము పోయినను భయము పోలేదు. 2007లో 926 మంది ఉన్నత పాఠశాలా జీవశాస్త్రోపాధ్యాయులను ప్రశ్నింపగా, సంకోచము లేక పరిణామమును బోధించువారు నూటికి సుమారు 28 మంది. సృష్టివాదమును సమర్థించువారు 13 మంది. తక్కినవారు తగవునకు జంకి ఎటును తేల్చక దాటవేయువారు. మన దేశమునను 2023లో కేంద్ర విద్యాపరిశోధన మండలి పదవతరగతి పుస్తకమునుండి పరిణామభాగమును తొలగింపగా, 1800 మందికి పైగా శాస్త్రజ్ఞులును ఉపాధ్యాయులును అభ్యంతరపత్రముపై సంతకములు చేసిరి.

తర్కశాస్త్రము చదివిన నాకు ఇందు దారి కష్టముగా తోచదు. కొండపై పొగ చూచి, కంటికి కనబడని నిప్పును ఊహింతుము. అదేరీతిని రాతిపొరలలోని శిలాజములు, తిమింగిలపు దేహములో దాగిన తుంటియెముకల శేషములు, మనుష్యునిచేతికిని గబ్బిలపు రెక్కకును గల యెముకల పొందిక, ఇవి హేతువులు. బోధకుడు ముందు హేతువు చూపవలెను. పిల్లవానిచేతనే నిగమనము చెప్పింపవలెను. ‘నీ దేవుని విడువు’మని చెప్పుట ఆతని పని కాదు, ‘దీనిని చూడకు’మనుటయు ఆతని పని కాదు. పూర్వపక్షమును గౌరవముతో వినవలెను. ప్రమాణము లేనిదానిని సిద్ధాంతపీఠమున కూర్చుండబెట్టరాదు.

శాసనము నోరుమూయించినపుడు లోకము చూచును, న్యాయస్థానము విచారించును. గురువు తానే నోరుమూసికొన్నపుడు సాక్షి యుండడు. ఆ నష్టము అనుభవించు పిల్లవానికి తాను పోగొట్టుకొన్నదేమో తెలియనే తెలియదు.