బందరు ఇంగ్లీషు, దాని చిన్న మాటలు

మా బందరు, గుడివాడ, దివిసీమ వైపు ఇంగ్లీషు ఎప్పట్నించి ఉందని అడిగితే నూటికి తొంభై మంది నోబుల్ కాలేజీ పేరు చెబుతారు. అసలు లెక్క అంతకు రెండు వందల ఏళ్ళకు పైగా ముందే మొదలైంది. 1611లో గ్లోబ్ అనే ఓడ ఇంగ్లీషు కంపెనీ తరఫున పులికాటు చేరింది. అక్కడ డచ్చివాళ్ళు అడుగు పెట్టనివ్వలేదు. నిజాంపట్నం మీదుగా వచ్చి ఆగస్టు ఆఖర్లో బందరులో లంగరు వేశారు. ఆ ఓడ వ్యాపారం చూసిన పీటర్ ఫ్లోరిస్ పుట్టుకకు డచ్చివాడు, అంతకుముందు డచ్చి కంపెనీలోనే పనిచేసినవాడు. తన దినచర్య కూడా డచ్చి భాషలోనే రాసుకున్నాడు. దాన్ని ఆ రోజుల్లోనే ఎవరో ఇంగ్లీషులోకి మార్చారు. అంటే మన రేవుకు ఇంగ్లీషు కంపెనీని తీసుకొచ్చిన మనిషికే ఇంగ్లీషు పరాయి భాష. జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన నాకు ఈ సంగతి భలే నచ్చుతుంది. క్లాసులో భయపడే పిల్లలకి ముందు ఇదే చెబుతాను.

అదే 1611లో లండన్‌లో కింగ్ జేమ్స్ బైబిలు అచ్చయింది. షేక్స్‌పియర్ ఇంకా బతికే ఉన్నాడు. ఆ కాలపు ఇంగ్లీషు మనిషి నోట్లో కమ్, గో, సెట్, టేక్ లాంటి పొట్టి క్రియలు, వాటి పక్కన అప్, ఆఫ్, అవుట్, డౌన్ అనే తోక ముక్కలు అప్పటికే ఆడుతున్నాయి. ఇప్పుడు మనం ఫ్రేజల్ వెర్బ్స్ అంటున్నవి ఇవే. ఆ పేరు మాత్రం మొన్నమొన్నటిది. 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ తన పుస్తకంలో వాడాడు. సూచించింది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుడు హెన్రీ బ్రాడ్లీ. పేరు లేకపోయినా తంటా మాత్రం ఉంది. 1755లో శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువు పీఠికలోనే, పరదేశులకు మా భాషలో అన్నిటికన్నా కష్టమైనది ఇదేనని ఒప్పుకున్నాడు. ఊరికే అని వదల్లేదు, ఫాల్ ఆన్, బ్రేక్ ఆఫ్, సెట్ అవుట్ అంటూ ఉదాహరణలు వరసగా ఇచ్చాడు.

బందరు దుబాసీలకు జాన్సనూ లేడు, వ్యాకరణమూ లేదు. కలంకారీ బట్ట చూపించాలి, ధర తెగ్గొట్టాలి, సరుకు ఓడకెక్కించాలి. ఆ పని జరుగుతుంటే చెవిన పడ్డదే వాళ్ళ చదువు. పని మధ్యలో వినబడే ఇంగ్లీషు ఎప్పుడూ పొట్టి మాటల ఇంగ్లీషే. ఎత్తు, దించు, విప్పు, కట్టు అన్నవాటికి దొర నోట్లోంచి వచ్చేవి లాటిన్ మాటలు కావు.

పుస్తకం వైపు నుంచి ఈ చిక్కును పట్టించుకున్న మనిషి సి.పి. బ్రౌన్. ఆయన బందరులోనూ కొంతకాలం కొలువు చేశాడు. తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును మనవాళ్ళంతా తలుచుకుంటారు గానీ, 1850ల తొలినాళ్ళ ఇంగ్లీషు-తెలుగు నిఘంటువును అంతగా పట్టించుకోరు. ఇంగ్లీషు నుడికారాలను, పదబంధాలను తెలుగులో వివరించేదని దాని పేరులోనే ఉంది. ఒట్టి మాటకు అర్థం ఇస్తే చాలదని, మాట ఏ తోడుతో నడుస్తుందో చూపించాలని ఆయనకు తెలుసు.

ఆపైన బడి వచ్చింది. రాబర్ట్ నోబుల్ అనే మిషనరీ 1841లో బందరు వచ్చి, తెలుగు నేర్చుకుని, 1843 నవంబరులో బడి తెరిచాడు. మరుసటి ఏడే గవర్నర్ జనరల్ హార్డింజి, ఇంగ్లీషు చదివినవాళ్ళకే ప్రభుత్వ కొలువుల్లో ముందు పీట అని ప్రకటించాడు. 1852లో ఇద్దరు విద్యార్థులు క్రైస్తవం పుచ్చుకుంటే ఊరు అట్టుడికి, పిల్లల్ని మానిపించేశారు. అయినా కొన్నాళ్ళకు మళ్ళీ పంపారు. ఉద్యోగం అలాంటిది. 1864 నవంబరు 1 తుపానులో బందరు ప్రాంతంలో ముప్పై వేల మంది పోయారు, ఊరు కుదేలైంది, బడి మాత్రం నిలిచింది. మరుసటి ఏడాది నోబుల్ బందరులోనే కన్నుమూశాడు.

ఆ బడి, తర్వాత ఆ కాలేజీ చేసిన మేలు చిన్నది కాదు. రఘుపతి వెంకటరత్నం నాయుడు అక్కడ పాఠాలు చెప్పారు. భోగరాజు పట్టాభి సీతారామయ్య, గుడివాడ పక్క అంగలూరు నుంచి వచ్చిన త్రిపురనేని రామస్వామి చౌదరి, ఇద్దరూ అక్కడ చదివినవారే. పట్టాభి 1935లో కాంగ్రెస్ చరిత్రను ఇంగ్లీషులోనే రాశారు. ఇంత మేలు చేసిన చదువు మీద నాకో ఫిర్యాదు ఉంది. బైబిలు గంటలో పిల్లలు రైజ్ అప్, సిట్ డౌన్, కాస్ట్ అవుట్ లాంటివి చదివేవారు. మిల్టన్ గంటలో గంభీరమైన పెద్ద మాటలు చదివేవారు. మన ఇళ్ళలో మొదటి గంట అంటే అనుమానం, రెండో గంట అంటే గౌరవం. దానికితోడు బందరు అవధానుల ఊరు. హిందూ హైస్కూల్లో చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి గారు తెలుగు చెప్పిన ఊరు. సమాసం ఎంత పొడుగైతే అంత పాండిత్యమనుకునే చెవికి పుట్ ఆఫ్ ఆనదు, పోస్ట్‌పోన్ ఆనుతుంది. పుట్ అప్ విత్ కంటే టాలరేట్, లుక్ ఇన్‌టు కంటే ఇన్వెస్టిగేట్. కలెక్టరు కచేరీ అర్జీలకు అదే బాగుంది. అలా మూడు నాలుగు తరాలు ఇంగ్లీషును సంస్కృతంలాగే నేర్చాయి, సంస్కృతంలాగే గౌరవించాయి, సంస్కృతంలాగే మాట్లాడకుండా ఉంచాయి. ఈ మాటకు నా తోటి మాస్టర్లు కొందరు ఒప్పుకోరు.

బయటికి వెళ్ళినవాళ్ళ దారి వేరు. కూచిపూడికి కూతవేటు దూరంలో ఉన్న భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య గారు బోయర్ యుద్ధ కాలంలో సైన్యంలో చేరి దక్షిణాఫ్రికా వెళ్ళారు. సిపాయి బారకాసుల్లో వినబడే ఇంగ్లీషు మిల్టన్‌ది కాదు. ఆయన తర్వాత జపనీస్ నేర్చి జపాన్ వెంకయ్య అనిపించుకున్నారు, బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో పాఠాలు చెప్పారు, 1916లో జెండాల మీద ఇంగ్లీషులో పుస్తకం వేశారు. రామస్వామి చౌదరి గారు 1914లో డబ్లిన్ వెళ్ళి న్యాయశాస్త్రం చదివారు.

ఊళ్ళో మిగిలిన మాకు మాత్రం రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణ పుస్తకం వచ్చింది. ఆ రెన్ బొంబాయి వైపు విద్యాశాఖలో పనిచేసినవాడు, ఫ్రెంచి పటాలం మీద ‘బో జెస్ట్’ అనే సాహస నవల రాసి పేరు తెచ్చుకున్నవాడు. నవల్లో అంత హుషారు చూపించినవాడు వ్యాకరణంలో క్రియల నుడికారాలను అక్షర క్రమంలో బారుగా పేర్చి వదిలాడు. మేము పైనుంచి కిందికి బట్టీ పట్టాం. పరీక్షలో అయిదు ఇచ్చి సొంత వాక్యాల్లో వాడమనేవారు. కాల్ ఆఫ్ అంటే సమ్మె, బ్రేక్ అవుట్ అంటే కలరా, గివ్ అప్ అంటే పొగతాగడం. సొంత వాక్యం అనేవారు గానీ క్లాసంతా రాసేది ఆ ఒక్క వాక్యమే. కలరా లేని కాలంలోనూ మా పేపర్లలో కలరా ఏటేటా వ్యాపిస్తూనే ఉండేది.

1958లో హైదరాబాదులో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ పెట్టారు. ఇప్పటి ఇఫ్లూ అదే. మాటను వాక్యంలో, వాక్యాన్ని సందర్భంలో నేర్పాలని చెప్పారు. మంచి మాటే. పరీక్ష పేపరు మాత్రం అలాగే ఉండిపోయింది.

మార్పు తెచ్చింది అమెరికా. గుడివాడలో 1950లో వెలిసిన కాలేజీకి అక్కినేని నాగేశ్వరరావు గారి పేరుంది. అలాంటి కాలేజీలు ఊరూరా వచ్చి డిగ్రీలు పెంచాయి. 1965లో అమెరికా వలస చట్టం మారాక డాక్టర్లు వెళ్ళారు, 1977 నాటికి తానా అనే తెలుగువాళ్ళ సంఘం పెట్టుకున్నారు, తర్వాత కంప్యూటర్లవాళ్ళు వెళ్ళారు. వాళ్ళకి పోస్ట్‌పోన్ వచ్చు. పక్క సీటువాడు టచ్ బేస్ అనో, ఫాలో అప్ అనో అంటేనే చిక్కు. గుడివాడ బస్టాండు చుట్టూ స్పోకెన్ ఇంగ్లీషు బోర్డులు లేచాయి. రాపిడెక్స్ పుస్తకం చంకన పెట్టుకు తిరగని కుర్రాడు ఉండేవాడు కాదు.

నేను ఇప్పుడు సాయంత్రాలు నేర్పుతున్నవాళ్ళలో నర్సు ఉద్యోగాలకు వెళ్ళేవాళ్ళు ఉన్నారు, పై చదువులవాళ్ళు ఉన్నారు. నాకు బాగా పని కల్పించింది మాత్రం కూచిపూడి నుంచి వచ్చే ఒక నాట్యం టీచరమ్మ. అమెరికాలో పుట్టిన తెలుగు పిల్లలకు తెల్లవారుజామున కంప్యూటర్లో పాఠం చెబుతుంది. వాళ్ళకు తెలుగు అర్థమవుతుంది, ఆజ్ఞ మాత్రం ఇంగ్లీషులో ఉంటేనే కాలు కదులుతుంది. “మాస్టారూ, అరమండిలో కూర్చోమనాలి, మొదటి కాలం నుంచి మళ్ళీ మొదలెట్టమనాలి, తొందర వద్దనాలి. సిట్, బిగిన్, డునాట్ హర్రీ అంటే నవ్వుతున్నారండీ” అంది.

రెన్ అండ్ మార్టిన్ పక్కన పెట్టి, ఆమె క్లాసు మొదలు నుంచి చివరిదాకా ఏం జరుగుతుందో రాయించాను. లాగిన్ అవడం, వరసలో నిలబడడం, ఒళ్ళు వేడెక్కించుకోవడం, అడుగులు, జతి, తప్పు, మళ్ళీ. దాని పక్కనే రాశాం: లాగ్ ఇన్, లైన్ అప్, వామ్ అప్, స్లో డౌన్, స్పీడ్ అప్, స్టార్ట్ ఓవర్, హోల్డ్ ఆన్. తాళంతో పాటు రావాలంటే కీప్ అప్. వదిలెయ్యొద్దు అనాలంటే డోంట్ గివ్ అప్. ఇక పిక్ అప్ ఒక్కటే ఆమె క్లాసులో మూడు చోట్ల వచ్చింది. కాలు ఎత్తమంటే పిక్ అప్. జతి చురుగ్గా పట్టేసిన పిల్లని మెచ్చుకోవాలన్నా పిక్ అప్. పండక్కి హాల్లో ప్రదర్శన పెడితే తండ్రి వచ్చి పిల్లని తీసుకెళ్ళడమూ పిక్ అప్పే. ఆమెకు ఆశ్చర్యం వెయ్యలేదు. పతాక హస్తం ఒక్కటే మబ్బు అవుతుంది, అడవి అవుతుంది, రాత్రి అవుతుంది, నది అవుతుంది. చెయ్యి మారదు, పెట్టే చోటు మారుతుంది, ఇదీ అంతే కదండీ అంది. ఆ హస్తాన్ని ఎక్కడెక్కడ వాడాలో చెప్పే వినియోగ శ్లోకం ఆమె చిన్నప్పుడు కంఠతా పట్టింది నిజమే. కానీ పట్టిన రోజునే చేతితో చేసి చూపించింది కూడా. మా బట్టీకి లేనిది ఆ రెండో భాగమే.

నియమం ఒక్కటే చెప్పాను. ఇట్, దెమ్ లాంటి పొట్టి సర్వనామం వస్తే దాన్ని మధ్యలో దూర్చాలి. పిక్ అప్ యువర్ ఫుట్ అనొచ్చు, పిక్ యువర్ ఫుట్ అప్ అన్నా సరే. ఇట్ అంటే మాత్రం పిక్ ఇట్ అప్. పిక్ అప్ ఇట్ అనకూడదు. లుక్ ఆఫ్టర్ లాంటివి మాత్రం విడవవు, లుక్ ఆఫ్టర్ హర్ అనే అనాలి. ఏది విడుతుందో ఏది విడదో చెప్పడానికి పూర్తి సూత్రం లేదు. నోటితో అనగా అనగా చెవికి తెలుస్తుంది.

నిజానికి కూచిపూడిలో ఈ మాటలకు కొత్తేం లేదు. గ్రీన్‌రూములో మేకప్ అంటారు. వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామ గెటప్ అంటారు. సెటప్ బాగోలేదంటారు. బస్సు బ్రేక్‌డౌన్ అంటారు, బేరం వర్కౌట్ కాలేదంటారు, ఆసుపత్రికి చెకప్‌కి వెళ్ళొచ్చామంటారు. నామవాచకాలుగా మింగేసి అరిగించుకున్నాం. గెటప్ లోపల గెట్ అప్ ఉందని గుర్తు చేస్తే ఆ అమ్మాయి ఫక్కున నవ్వింది.

మొన్నామధ్య ఫోన్ చేసింది. పాఠం మధ్యలో ఏడేళ్ళ పిల్ల “టీచర్, యు ఆర్ బ్రేకింగ్ అప్” అన్నదట. నేను రాయించిన నోట్సు తీసి చూస్తే బ్రేక్ అప్ దగ్గర తెగతెంపులు అని ఉంది. పిల్ల మానేస్తోందేమోనని కంగారు. మాట ముక్కలుముక్కలుగా వినబడుతోందని ఆ పిల్ల ఫిర్యాదు. ఇంటర్నెట్‌వాణ్ణి పిలిచి వైరు మార్పించమన్నాను.