నెల్లూరు తీరంలో భారీ సౌర విద్యుత్: ప్రభుత్వ సాంకేతిక సహకారం

భారీ సౌర విద్యుత్ కేంద్రాలకు ప్రభుత్వం అందించే సాంకేతిక సహకారం సబ్సిడీ కంటే విస్తృతమైనది. ఎండను కొలవడం, ప్యానెళ్ల నాణ్యతను పరీక్షించడం, రోడ్లు, సబ్‌స్టేషన్లు ముందుగా కట్టి ఉంచడం, వచ్చిన కరెంటును గ్రిడ్‌లో సర్దడం అన్నీ ఇందులో భాగమే. ఆంధ్రప్రదేశ్‌లో పెద్ద సోలార్ పార్కులు రాయలసీమలో వచ్చాయి. నెల్లూరు తీరానికి వచ్చేసరికి ఉప్పుగాలి, తుపాను కూడా లెక్కలోకి వస్తాయి.

కేంద్రం 2014 డిసెంబరులో 20,000 మెగావాట్ల లక్ష్యంతో సోలార్ పార్కుల పథకం తెచ్చి, 2017లో లక్ష్యాన్ని రెట్టింపు చేసింది. ఈ పథకం కింద పార్కు సవివర నివేదికకు 25 లక్షల రూపాయల వరకు సాయం ప్రకటించింది. ఉమ్మడి వసతులకు మెగావాటుకు 20 లక్షలు లేదా ఖర్చులో 30 శాతం, ఏది తక్కువైతే అది. రాష్ట్రంలో ఈ పని ఆంధ్రప్రదేశ్ సోలార్ పవర్ కార్పొరేషన్ చేస్తుంది. కేంద్ర సౌర విద్యుత్ సంస్థ సెకీ, రాష్ట్ర విద్యుదుత్పత్తి సంస్థ జెన్‌కో, రాష్ట్ర పునరుత్పాదక ఇంధన సంస్థ నెడ్‌క్యాప్ అందులో భాగస్వాములు. అప్పటి కర్నూలు జిల్లా గని, శకునాల దగ్గర దాదాపు 5,900 ఎకరాల్లో వెలసిన 1,000 మెగావాట్ల పార్కు వీరి పనికి మంచి నమూనా. భూమి, దారి, సబ్‌స్టేషన్ సిద్ధంగా ఉండటంతో కంపెనీలు ప్యానెళ్లు బిగించే పని చూసుకుంటే సరిపోయింది.

ఎండ కొలతల బాధ్యత చెన్నైలోని పవన విద్యుత్ పరిశోధన సంస్థది. అది 2011లో దేశమంతటా 51 కొలత కేంద్రాలు నెలకొల్పింది. నేరుగా పడే ఎండ, మబ్బుల్లో చెదిరి వచ్చే వెలుతురు, గాలి, ఉష్ణోగ్రత వాటిలో నమోదవుతాయి. నెల్లూరుకు ఈ కొలతలు మరీ అవసరం. ఇక్కడ పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కురుస్తాయి. కాబట్టి సీమలో తీసిన నెలవారీ లెక్క ఇక్కడ పనికిరాదు. గ్రిడ్‌కు సౌర విద్యుత్ కేంద్రాలు రోజును 15 నిమిషాల చొప్పున 96 భాగాలు చేసి ముందస్తు అంచనా ఇవ్వాలి. మబ్బు లెక్క తప్పితే అంచనా తప్పుతుంది.

అసలు కష్టం ఉప్పుతో వస్తుంది. ఈ తీరంలోని ఇస్కపల్లి లాంటి చోట్ల ఉప్పు మళ్లకు జీవమిచ్చే గాలే ప్యానెల్ చట్రాలను, బోల్టులను, వైర్ల జాయింట్లను తినేస్తుంది. ఉప్పునీటి బోరుతో ప్యానెళ్లు కడిగితే గాజు మీద తెల్లని పొర మిగులుతుంది. అందుకే తీరప్రాంతాల్లో వాడే ప్యానెళ్లు ఐఈసీ 61701 అనే ఉప్పుతుంపర పరీక్ష నెగ్గాలని కేంద్ర నిబంధన ఉంది. ప్యానెళ్ల పరీక్షలకు గురుగ్రామ్‌లో జాతీయ సౌరశక్తి సంస్థ ఉంది. గాలి సంగతికి వస్తే, భారత ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం ఈ తీరంలో కట్టడాల డిజైనుకు తీసుకోవలసిన మూల వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపానును చూసినవారికి ఈ అంకె అతిగా అనిపించదు.

ఈ కష్టాల మధ్య ఈ తీరానికి ఉన్న బలం విద్యుత్ లైన్లు. కృష్ణపట్నం థర్మల్ కేంద్రాల కోసం వేసిన హైటెన్షన్ వ్యవస్థ, పలు లైన్ల కరెంటును ఒకచోట చేర్చే నెల్లూరు 765 కిలోవోల్టుల పూలింగ్ స్టేషన్ ఇప్పటికే ఉన్నాయి.

అయితే లైన్లు ఉన్నా, ప్రయోగశాలలో నెగ్గిన ప్యానెల్ ఒక్కటే కేంద్రాన్ని ఉప్పు, తుపాను నుంచి కాపాడలేదు. ప్రతి ఏడూ తుపాన్ల కాలం ముగియగానే ప్రభుత్వ ఇంజనీర్లు తీరంలోని కేంద్రాల బోల్టులు, స్తంభాలు, జంక్షన్ బాక్సులు తనిఖీ చేసి, ఫలితాలు అందరికీ తెలియజేయాలి.