ఫీజు రీయింబర్స్‌మెంట్

పదో తరగతి దాటిన పేద విద్యార్థుల బోధన రుసుమును ప్రభుత్వమే భరించే పథకం ఫీజు రీయింబర్స్‌మెంట్. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో అమల్లో ఉంది. దస్త్రాల్లో దీన్ని పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ అంటారు. కళాశాలకు చెందే ఫీజు భాగం ఆర్‌టీఎఫ్, విద్యార్థి తిండికీ వసతికీ ఇచ్చేది ఎంటీఎఫ్.

దీని మూలాలు స్వాతంత్ర్యానికి ముందే ఉన్నాయి. షెడ్యూల్డ్ కులాల కష్టాలను వివరిస్తూ 1942లో వైస్రాయ్ లిన్‌లిత్‌గోకు ఇచ్చిన వినతిపత్రంలో అంబేడ్కర్ ఉన్నత విద్యకు ఆర్థిక సాయం కోరారు. 1944లో కేంద్రం ఏడాదికి 3 లక్షల రూపాయల నిధితో ఉపకార వేతనాలు మొదలుపెట్టింది. ఎస్సీలకు నేటికీ అందుతున్న పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఆ విత్తనం నుంచి మొలిచిందే. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఈ పథకానికి అయిదేళ్లకు 59,048 కోట్ల రూపాయలు ఆమోదించింది. అందులో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రాలది 40 శాతం.

తెలుగునాట అసలు మలుపు వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వ కాలంలో వచ్చింది. ఇంజినీరింగ్ వంటి వృత్తి విద్యా కోర్సుల పూర్తి ఫీజును బీసీ విద్యార్థులకూ, ఆపై ఈబీసీలకూ (ఆర్థికంగా వెనుకబడిన తరగతులకూ) వర్తింపజేశారు. అప్పటిదాకా కౌన్సెలింగ్‌లో సీటు వచ్చినా ఫీజు కట్టలేక వదులుకున్న ఇళ్లు ఎన్నో. కూలీల, చేనేతల, కౌలు రైతుల పిల్లలు ఇంజినీరింగ్ తరగతి గదిలో కూర్చోగలిగారంటే అందులో ఈ పథకానిది పెద్ద పాత్ర. దీని అండతో ప్రైవేటు కళాశాలలు పుట్టగొడుగుల్లా పెరిగాయన్న విమర్శ ఉంది, అది నిజమే. అయితే నాసిరకం కళాశాలలకు అనుమతులిచ్చిన తప్పును విద్యార్థికిచ్చిన సాయం మీదికి నెట్టడం న్యాయం కాదు.

ఖర్చు పెరిగేకొద్దీ షరతులూ వచ్చాయి. ఇంజినీరింగ్‌లో బీసీ, ఈబీసీలకు 35,000 రూపాయల పరిమితి పెట్టి, ఎంసెట్‌లో 10,000 లోపు ర్యాంకు వచ్చినవారికి మాత్రం పూర్తి ఫీజు ఇచ్చే పద్ధతి వచ్చింది. తెలంగాణ ఏర్పడ్డాక 1956 నాటి నివాసాన్ని స్థానికతకు ప్రాతిపదికగా తీసుకుని ‘ఫాస్ట్’ పథకాన్ని ప్రకటించి, తీవ్ర వ్యతిరేకత రావడంతో విరమించుకున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో ఫీజు రీయింబర్స్‌మెంట్ జగనన్న విద్యాదీవెన అయింది. ఫీజును కళాశాలకు బదులు తల్లి ఖాతాలో వేశారు. తిండికీ వసతికీ ఇచ్చే వసతి దీవెన కింద ఏడాదికి ఐటీఐ వారికి 10,000, పాలిటెక్నిక్ వారికి 15,000, డిగ్రీ, ఆపై చదువులకు 20,000 రూపాయలు ఇచ్చారు. అదే ఏడాది ప్రైవేటు కళాశాలల పీజీ విద్యార్థులను పథకం నుంచి తప్పించారు. 2024లో ప్రభుత్వం మారాక పథకం పాత పేరు తిరిగి వచ్చింది.

కళాశాలలో కాకుండా పని చేసుకుంటూ నేర్చుకునేవారికి దారి వేరు. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం ప్రకారం స్టైపెండ్ ఇవ్వాల్సింది యజమాని. 2016లో మొదలైన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద అందులో 25 శాతాన్ని, నెలకు 1,500 రూపాయలకు మించకుండా, కేంద్రం భరిస్తుంది.

ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. తెలంగాణలో ఈపాస్, ఆంధ్రలో జ్ఞానభూమి. కుల, ఆదాయ ధ్రువపత్రాలు, ఆధార్, 75 శాతం హాజరు కావాలి. యాజమాన్య కోటాలో చేరినవారికి వర్తించదు. తొందరపడి ఆ కోటాలో చేరాక తెలుసుకునే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి కాబట్టి ఈ సంగతి ముందే అడిగి తెలుసుకోవాలి.

పథకానికి పట్టిన అసలు జబ్బు బకాయిలు. మంజూరు కాగితం మీద కనిపిస్తుంది, ట్రెజరీలో టోకెన్ పడుతుంది, డబ్బు మాత్రం నెలలు, కొన్నిసార్లు ఏళ్లు గడిచినా రాదు. అధ్యాపకుల జీతాలు ఆగిపోతాయి. చివరికి భారం విద్యార్థి మీదే పడుతుంది. కోర్సు పూర్తయినా ఫీజు కడితేనే టీసీ, మెమోలు ఇస్తామని కళాశాల అంటే, ఉద్యోగం చేతిదాకా వచ్చి ఆగినవారు అప్పు చేసి కట్టాల్సి వస్తుంది. 2025లో తెలంగాణలోని ప్రైవేటు కళాశాలలు బకాయిల కోసం బంద్ పాటించాయి. విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లను తమ దగ్గర ఉంచుకోరాదని యూజీసీ 2018లోనే విద్యాసంస్థలను ఆదేశించింది. ప్రభుత్వం చెల్లించాల్సిన సొమ్ముకు విద్యార్థి ధ్రువపత్రాలను తాకట్టుగా పెట్టుకోవడం ఏ రకంగానూ సమర్థించదగినది కాదు.