చౌరస్తా (సంగీత బృందం)

చౌరస్తా హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే తెలుగు సంగీత బృందం. రాక్, రెగ్గే లయలను జానపద బాణీలతో, వాడుక తెలుగుతో కలపడం దీని ప్రత్యేకత. 2010ల ద్వితీయార్ధంలో సినిమాతో నిమిత్తం లేకుండా యూట్యూబ్ ద్వారా శ్రోతలకు చేరింది. తొలి దశలో ప్రధాన గాయకుడు రామ్ మిరియాల.

నగరంలో ఇమడలేక సొంతూరికి మళ్లే మనసును పాడిన ‘ఊరెళ్లిపోతా మామ’తో పేరొచ్చింది. పాత ఊళ్లను కలుపుకుంటూ పెరిగిన హైదరాబాద్ ఐటీ కారిడార్‌కు వలస వచ్చినవారికి ఈ ఇతివృత్తం పరాయిది కాదు. ‘మాయ’, ‘లచ్చిమి’ మరికొన్ని పాటలు. 2020లో కరోనాపై వచ్చిన ‘చేతులెత్తి మొక్కుతా’ విస్తృతంగా వినిపించింది.

తరువాత రామ్ బృందాన్ని వీడి సినిమా వైపు వెళ్లాడు. ‘జాతిరత్నాలు’ (2021)లో ‘చిట్టి’, ‘డీజే టిల్లు’ (2022) టైటిల్ పాట పాడాడు. రెండోదానికి బాణీ కూడా అతనిదే. చౌరస్తా మాత్రం ఆగలేదు. మొదటి నుంచీ ఉన్న గాయకుడు యశ్వంత్ నాగ్ ముందుకు రాగా ప్రదర్శనలు కొనసాగాయి.

రాక్ చరిత్రలో ఇలాంటి మార్పులు రెండు విధాలు. 1980 ఫిబ్రవరి 19న తన గాయకుడు బాన్ స్కాట్ మరణించాక ఏసీ/డీసీ బృందం బయటి గాయకుడైన బ్రయాన్ జాన్సన్‌ను తీసుకొని, జులై 25న ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ విడుదల చేసింది. 1975లో గాయకుడు పీటర్ గేబ్రియల్ వైదొలగాక జెనెసిస్ బృందంలో అప్పటికే ఉన్న డ్రమ్మర్ ఫిల్ కాలిన్స్ మైకు అందుకున్నాడు. చౌరస్తాది ఈ రెండో దారి.