యాభై ఇళ్ళకొక మనిషి

వృద్ధాప్యంలో కావలసినది ధనమా, పలకరించే మనిషా? మన రాష్ట్రపు ఇటీవలి చరిత్రలో ఈ ప్రశ్నకు కొంత సమాధానం దొరుకుతుంది.

1995 ఆగస్టు 15న జాతీయ వృద్ధాప్య పింఛను పథకం ఆరంభమైనప్పుడు కేంద్రం వాటా నెలకు 75 రూపాయలు. ఉమ్మడి రాష్ట్రంలో 2006 నాటికి పింఛను 200, విభజన తరువాత 2014లో 1000, 2019 ఆరంభంలో 2000 రూపాయలైనది. సొమ్ము పెరిగినది గాని, దానికోసం ముసలివారు ఇల్లు కదలక తప్పేది కాదు.

2019 ఆగస్టు 15న గ్రామ వలంటీర్ల వ్యవస్థ వచ్చినది. సుమారు 50 ఇళ్ళకొకరు. గౌరవ వేతనం నెలకు 5000 రూపాయలు. 2020 ఫిబ్రవరి 1 నుండి వారే పింఛను ఇంటికి తెచ్చి, వేలిముద్ర తీసుకొని ఇచ్చేవారు. 2022 ఏప్రిల్ 4న విశాఖపట్నం జిల్లా నుండి అనకాపల్లి జిల్లాలో చేరిన రోలుగుంట వంటి గ్రామీణ మండలాలలో, మంచం దిగలేని వారికి ఇదెంత ఊరటో వేరే చెప్పనక్కరలేదు.

అయితే పేరుకు వలంటీరే గాని, జీతమూ ఆజ్ఞా ప్రభుత్వానివి. పార్టీ పక్షపాతమనే ఆరోపణలూ వచ్చినవి. 2024 మార్చి 30న ఎన్నికల సంఘం వారిని నగదు పంపిణీకి దూరముంచినది. ఏప్రిల్ ఎండలలో వృద్ధులు సచివాలయాల ముందు బారులు తీరారు. ప్రభుత్వం మారిన పిమ్మట, జులై 1 నుండి సచివాలయ ఉద్యోగులే 4000 రూపాయల పింఛను ఇంటికి చేర్చసాగారు. వలంటీర్ల వ్యవస్థ కొనసాగలేదు.

అనగా సొమ్ము చేర్చడానికి వలంటీరే కానక్కరలేదని తేలినది. మరి నెలలో తక్కిన రోజుల మాటేమిటి? రాత్రివేళ జ్వరమొస్తే, మందులయిపోతే, పిల్లలు దూరాన ఉంటే తలుపు తట్టేదెవరు?

కేరళలోని మలప్పురంలో 2001 ప్రాంతంలో ఇరుగుపొరుగువారే ఉపశమన సేవను తలకెత్తుకున్నారు. స్థానికులు శిక్షణ పొంది, వారానికి కొన్ని గంటలు మంచాన పడినవారి వద్దకు వెళ్ళేవారు. ఖర్చుకు ఊరి చిన్న చిన్న విరాళాలే ఆధారం. 2008లో ప్రభుత్వ విధానమే వారి వెంట నడిచినది. అక్కడ ముందు ఊరు, తరువాత సర్కారు. ఇక్కడ క్రమం తలక్రిందులైనది.

ఉత్తర్వుతో పుట్టినది ఉత్తర్వుతోనే పోతుంది. కాని యాభై ఇళ్ళకొక మనిషి అన్న లెక్క మాత్రం మంచిదే. వీధిలో ఒంటరి వృద్ధులెవరో వ్రాసుకొని, ఏ రోజు ఎవరు పలకరించాలో పంచుకోవడానికి ఏ జీవో కావాలి?