కీళ్పాక్కం అంటే మనకెందుకు అంత భయం?



చెన్నైలో పుట్టి పెరిగిన మనకు కీళ్పాక్కం అంటే ఊరి పేరు కాదు, వెక్కిరింత. "నిన్ను కీళ్పాక్కంలో చేర్చాలి" అని ఎన్నిసార్లు నవ్వుకోలేదు! మద్రాసులో పిచ్చాసుపత్రి 1794లో, కుంపిణీ కాలంలోనే మొదలైంది. 1871లో కీళ్పాక్కం చేరింది. అప్పట్లో దాని పని వైద్యం కన్నా బంధించి ఉంచడమే. ఆ ప్రహరీ గోడ మన మనసుల్లో అలాగే నిలిచిపోయింది.

లోపల మాత్రం కాలం మారింది. 1950లలో మందులు వచ్చాయి. 1961లో డాక్టర్ ఎం. శారదా మేనన్ అక్కడ సూపరింటెండెంట్ అయ్యారు. మన దేశపు తొలి మహిళా మానసిక వైద్యురాలు ఆమే. రిటైరయ్యాక 1984లో ఇదే ఊళ్ళో స్కార్ఫ్ సంస్థను నెలకొల్పారు. తర్వాత ఆ సంస్థ, సైకోసిస్ మొదటిసారి కనబడిన యువతకు ప్రత్యేక వైద్యం మొదలుపెట్టింది. కెనడాలోని మాంట్రియల్‌తో పోల్చి చూస్తే, వైద్యంలో కుటుంబాల తోడు చెన్నైలోనే ఎక్కువని తేలింది. అది మన బలం.

మరి మనం చేస్తున్నదేమిటి? 2015-16 జాతీయ సర్వే ప్రకారం జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సైకోసిస్ వచ్చేది 1.4 శాతం మందికి. మన ఉగాది భోజనాల్లో నూరు ఆకులు వేస్తే ఒకరిద్దరన్నమాట. అది ఎక్కువగా మొదలయ్యేది చదువు, ఉద్యోగం, పెళ్ళి వయసులోనే. అలాంటివాళ్ళలో ముప్పాతిక మందికి వైద్యం అందడం లేదని కూడా ఆ సర్వేయే చెప్పింది.

పిల్లవాడు గదిలోంచి రాడు, ఎవరో తిడుతున్నట్టు వినబడుతోందంటాడు. మనం ముందు దిష్టి తీస్తాం, తర్వాత గుణశీలం వెళ్తాం, ఆ తర్వాత "పెళ్ళి చేస్తే కుదురుకుంటాడు" అంటాం. దేవుడికి మొక్కడం తప్పు కాదు. డాక్టరు దగ్గరికి వెళ్ళకపోవడం తప్పు. వైద్యం ఎంత ఆలస్యమైతే కోలుకోవడం అంత కష్టం. 2001 ఆగస్టు 6న ఏర్వాడిలో గొలుసులతో కట్టేసిన 28 మంది మంటల్లో కాలిపోయారు. వాళ్ళనీ బాగవుతారన్న ఆశతోనే ఇంటివాళ్ళు అక్కడికి తీసుకువెళ్ళారు.

మన వివాహ పరిచయ వేదికలోనూ జబ్బు దాచి కుదిర్చిన సంబంధాలు మేము చూశాం. తెలిసీ ఊరుకున్నాం. అందులో నలిగిపోయింది రెండు కుటుంబాలు. ఆ తప్పులో మాకూ పాలుంది.

ఇకనైనా ఏ ఇంట్లో అనుమానం వచ్చినా దాచకండి. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్‌లో డబ్బు ఖర్చు లేకుండా సలహా చెబుతారు. తెలుగులోనూ మాట్లాడవచ్చు. ఒంటరిగా ఆసుపత్రికి వెళ్ళడానికి జంకితే మాకు చెప్పండి, తోడు వస్తాం. కీళ్పాక్కం పేరు చెప్పి నవ్వడం మాత్రం ఈరోజుతో మానేద్దాం.